పరిశోధన ఋణం - మారుతున్న ప్రాంతం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నేపథ్యంలో ఒక పరిశీలన

ఒక ప్రాంతానికి కరువు రావడం వేరు, ఆ ప్రాంతపు ఆర్థిక నిర్మాణమే మారడం వేరు. కరువు వచ్చి పోతుంది. పోయిన తర్వాత పాత సేద్యం, పాత కూలి, పాత అప్పు మళ్ళీ యథాస్థానంలో నిలబడతాయి. నిర్మాణం మారినప్పుడు అట్లా జరగదు. ఎవరు ఏ పని చేయాలి, ఏ పనిముట్టుతో చేయాలి, కూలి ఎవరిని అడగాలి, నీళ్ళు ఎవరిని అడగాలి అనే సంబంధాలన్నీ కదిలిపోతాయి. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలూ వాటి చుట్టూ ఉన్న పల్లెలూ గడిచిన అరవై ఏళ్ళలో ఇటువంటి కదలికను ఒక్కసారి కాదు, రెండు మూడుసార్లు చూశాయి. మెట్ట మాగాణి అయింది. మాగాణి చుట్టూ మిల్లులు లేచాయి. ఇప్పుడు నాటే చేతి స్థానంలోనూ కోసే చేతి స్థానంలోనూ యంత్రం నిలబడుతున్నది.

ఇటువంటి ప్రాంతానికి విశ్వవిద్యాలయ పరిశోధన ఏ విధంగా తోడ్పడగలదు అన్న ప్రశ్న సాధారణంగా వ్యవసాయ శాస్త్రానికీ, ఇంజనీరింగ్‌కూ, అర్థశాస్త్రానికీ చెందినదిగా భావిస్తారు. సాహిత్య శాఖల వంతుకు వచ్చేది ఆ ప్రాంత వైభవాన్ని గురించిన సదస్సు మాత్రమే. ఈ వ్యాసం ఆ ప్రశ్నను నైతిక ప్రశ్నగా, అందులోనూ తెలుగు శాఖలకు చెందిన ప్రశ్నగా పరిశీలిస్తుంది. తోడ్పాటు అనే మాటకు ముందు ఋణం అనే మాట ఉన్నదని, పరిశోధన ఆ ప్రాంతానికి ఏమి బాకీ పడిందో తేలితే తప్ప ఏమి ఇవ్వాలో తేలదని దీని ప్రతిపాదన.

నీరు రాకముందు సేకరించిన మాట

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. లాల్ బహదూర్ కాలువగా పేరుపెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా ఖమ్మం వైపు సాగుతుంది. జొన్న, ఆముదం, కంది పండిన చెలకల్లో వరి దిగింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వరి వెంట మిర్యాలగూడలో బియ్యం మిల్లులు వచ్చాయి, పట్టణం పేరే మిల్లులకు పర్యాయపదమైంది. సూర్యాపేటది కొంత వేరు కథ. మూసీ ప్రాజెక్టు నీరు, హైదరాబాదు - విజయవాడ రహదారి మీది వ్యాపారం, ఆలస్యంగా శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల ద్వారా వచ్చిన గోదావరి నీరు దాన్ని తీర్చిదిద్దాయి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పరిపాలన గీసిన ఆ గీతను కాలువ పట్టించుకోలేదు.

ఈ మార్పు మొదలవుతున్న దశలో జరిగిన రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది. మొదటిది నాగార్జునకొండ తవ్వకం. 1926లో ఎ.ఆర్. సరస్వతి గుర్తించిన ఆ ఇక్ష్వాకుల నాటి లోయ జలాశయంలో మునగబోతున్నదని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీదికీ అనుపు దగ్గరికీ తరలించి మళ్ళీ నిలబెట్టారు. మునగబోయే దానికి సమాజం బాకీ పడి ఉంటుందన్న స్పృహకు ఇది గొప్ప నిదర్శనం. అయితే ఆ స్పృహ రాతి దగ్గర ఆగింది. అదే లోయలో, అదే నీటి కింద ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళిన మనుషుల మాటకు అంతటి ప్రణాళిక ఏదీ వేయలేదు.

రెండోది నిశ్శబ్దంగా జరిగిన పని. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో ప్రచురించింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. భాషాశాస్త్ర చరిత్రలో ఈ కృషికి ఉన్న స్థానం అందరికీ తెలిసినదే. ఇక్కడ గమనించవలసినది తేదీ. వ్యవసాయ పదకోశం వెలువడిన ఐదేళ్ళకు ఎడమ కాలువలో నీరు పారింది. అంటే కాలువ నీరు రాకముందు ఈ నేల మీద సేద్యం ఏ మాటల్లో జరిగిందో అది పట్టి ఉంచింది. మునగబోయే వాటి జాబితాగా దాన్ని ఎవరూ తలపెట్టలేదు. భాషా ప్రమాణీకరణకు, శాస్త్ర పరిభాషకు పనికివస్తుందని తలపెట్టారు. ఉద్దేశించినది ఒకటి, చివరికి ఒడిగూడిన ప్రయోజనం మరొకటి. పరిశోధన నుంచి ముందే ప్రయోజన పత్రం రాయించుకునే నేటి పద్ధతికి ఇది చిన్న హెచ్చరిక కూడా.

చెరువు కింద సేద్యంలో తూము తెరిచి మడులకు నీరు పంచే మనిషి నీరటి. అతడు ఊరివాడు, ఊరి పంటలో అతడికి వాటా ఉంటుంది, అన్యాయం చేస్తే ఊరి ముందు నిలబడవలసినవాడు. కాలువ వచ్చాక ఆ స్థానంలో నీటిపారుదల శాఖ లష్కరు వచ్చాడు. లష్కరు జీతం తీసుకునే మనిషి, అతడికి పై అధికారి ఆజ్ఞ ప్రమాణం. చివరి భూములకు నీరు అందనప్పుడు రైతు నీరటితో పోట్లాడగలడు, లష్కరుతో పోట్లాడి ప్రయోజనం లేదు. ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో నీరు ఏ రోజున ఆగుతుందో నిర్ణయించేది అతడు కాదు. ఒక మాట పోయి మరొక మాట రావడం వెనుక ఉన్న ఈ అధికార మార్పిడిని నీటి లెక్కలు చూపించవు, పదచరిత్ర చూపిస్తుంది. తెలుగు శాఖకు ఈ ప్రాంతపు మార్పుతో ఏమి పని అని అడిగేవారికి తొలి సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

ఋషిఋణమూ వక్తల ఋణమూ

మనిషి మూడు ఋణాలతో పుడతాడన్న భావన తైత్తిరీయ సంహిత నాటిది. అందులో ఋషిఋణం అధ్యయనంతో తీరుతుంది. ఋషికి తిరిగి ఇవ్వవలసినది ఏదీ లేదు, నేర్చుకున్నదాన్ని నిలుపుకొని ముందు తరానికి అందిస్తే చాలు. ఆధునిక విద్యారంగం పేరు చెప్పకుండానే ఈ సూత్రాన్ని స్వీకరించింది. సిద్ధాంతగ్రంథం సమర్పించి, వ్యాసం ప్రచురించి, విద్యార్థికి బోధిస్తే విద్వాంసుడి బాకీ తీరినట్టే.

క్షేత్ర పరిశోధనకు ఈ సూత్రం సరిపోదు. సంహిత ఆ మాట బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి చెప్పింది. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకే పరంపరలో ఉంటారు కాబట్టి ముందుకు అందించడమే తిరిగి ఇవ్వడం అవుతుంది. దురాజ్‌పల్లిలో రెండేళ్ళకొకసారి జరిగే పెద్దగట్టు లింగమంతులస్వామి జాతరలో ఒక గొల్లకథకుడి నుంచి కథ సేకరించిన పరిశోధకుల పరిస్థితి అది కాదు. కథ పరిశోధకులకు చేరింది, వారి నుంచి పర్యవేక్షకులకు, పరీక్షకులకు, గ్రంథాలయానికి చేరింది. ఆ వరుసలో కథకుడి పిల్లలు లేరు. పరంపర అక్కడ తెగింది. తెగిన చోట ముందుకు అందించడం తిరిగి ఇవ్వడం కాజాలదు. అందువల్ల క్షేత్ర పరిశోధనలో రెండు ఋణాలు వేరువేరుగా నిలుస్తాయి. జ్ఞానానికి ఉన్న ఋణం ప్రచురణతో తీరవచ్చు. వక్తలకు ఉన్న ఋణం వక్తల దగ్గరికి వెళ్తేనే తీరుతుంది.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయమని, పుస్తకంలో కృతజ్ఞతలు చెబితే సరిపోతుందని వాదించవచ్చు. సరిపోదనడానికి ఈ జిల్లా పేరునే మోస్తున్న ఒక శాస్త్ర పద్ధతి సాక్ష్యం. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ సాయంతో తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. తక్కువ ఖర్చుతో, దొరికే సామగ్రితో చేయగల మంచి విజ్ఞానం అది. ఆఫ్రికా ఖండంలోని టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా వెళ్ళింది. ప్రపంచ సాహిత్యంలో నల్లగొండ అనే మాట ఒక ఊరి పేరుగా కంటే ఒక రసాయన ప్రక్రియ పేరుగా ఎక్కువసార్లు కనిపిస్తుంది. ఇంత జరిగినా మర్రిగూడ వంటి మండలాల్లో వంగిన వెన్నులు తరాల పాటు కొనసాగాయి. నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టీ క్షారతను బట్టీ పటిక మోతాదు మార్చుకుంటూ, మిగిలిన బురదను తొలగించుకుంటూ ప్రతిరోజూ ఆ పని చేయడం ఒక పల్లెకు భారమే. చివరికి ఊరట కలిగించినది పద్ధతి కాదు, నది నీటిని పైపులలో ఇంటికి తెచ్చిన పథకాలు.

ఇందులో శాస్త్రజ్ఞుల తప్పు వెదకడం అన్యాయం. వారు తమ ప్రశ్నకు నిజాయితీగా జవాబు కనుగొన్నారు. అయినా ఒక శేషం మిగులుతుంది. ఆ ప్రాంతం పరిశోధనకు నమూనా అయింది, సంవాది కాలేకపోయింది. ఇక్కడి నీరు పరీక్షనాళికలోకి వెళ్ళింది, ఇక్కడి మనిషి ప్రశ్న వెళ్ళలేదు. ఈ నీటిని ఎట్లా శుద్ధి చేయాలి అన్నది ప్రయోగశాల ప్రశ్న. మాకు ఈ నీరే ఎందుకు తాగవలసి వస్తున్నది, కృష్ణ మా పక్కనే పారుతుంటే అన్నది ఊరి ప్రశ్న. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో మనిషిని కేవలం సాధనంగా చూడరాదని చెప్పిన సూత్రానికి ఇక్కడ ఒక అనుబంధం అవసరమవుతుంది. మనిషికి మేలు చేస్తూ కూడా అతడిని సాధనంగా చూడటం సాధ్యమే. అతడి ప్రశ్న స్థానంలో తమ ప్రశ్నను పెట్టుకున్నప్పుడు అది జరుగుతుంది.

ప్రాంతం ఒక మనిషి కాదు

ప్రాంతానికి తోడ్పడటం అన్న పదబంధంలోనే ఒక మోసం ఉంది. ప్రాంతం ఒక మనిషి అయినట్టు, దానికి ఒకే మేలు, ఒకే కీడు ఉన్నట్టు ఆ పదబంధం ధ్వనిస్తుంది. 2021-22 నాటి ఉప్పుడు బియ్యం వివాదం ఆ భ్రమను తొలగించింది.

యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల ఎండల్లో కోతకు వస్తాయి. ఆ వేడికి గింజలో పగుళ్ళు పడతాయి. పచ్చిగా మరపడితే బియ్యం విరిగి నూక ఎక్కువవుతుంది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే గింజ గట్టిపడి నిలుస్తుంది. మిర్యాలగూడ మిల్లుల్లో చాలా భాగం ఈ ఉప్పుడు బియ్యం మీదనే పెరిగాయి. కేంద్రం ఇక ఉప్పుడు బియ్యం తీసుకోబోమన్నప్పుడు, 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని అధికార పక్షమే ఢిల్లీలో ధర్నాకు దిగింది. పత్రికల్లో అది రెండు ప్రభుత్వాల తగాదాగా నడిచింది. మిల్లు ఆవరణలో మాత్రం అది మరొక ప్రశ్న: గింజ విరిగితే ఆ నష్టం ఎవరిది? మిల్లరు తన నష్టాన్ని తరుగు రూపంలో రైతుకు దాటించవచ్చు. భూమి ఉన్న రైతు తన నష్టాన్ని కౌలుదారుకు వదిలేయవచ్చు, కౌలు ముందే వసూలైతే అతడికి విరిగిన గింజతో నిమిత్తం లేదు. కౌలుదారు దాటించగలిగినది కూలి రేటు ఒక్కటే. కాటా దగ్గర తేమ పదిహేడు శాతం మించిందని వడ్లను మళ్ళీ ఆరబోయమన్నప్పుడు ఆ రెండు రోజుల కాపలా ఎవరిదో, టార్పాలిన్ కిరాయి ఎవరిదో చూస్తే చాలు, ప్రాంతం అనేది ఎన్ని అంతస్తులుగా ఉందో అర్థమవుతుంది.

ఇప్పుడు వ్యవసాయ శాస్త్రజ్ఞులు తక్కువ నూకనిచ్చే రకాలను ఇవ్వగలరు, నాట్లు ముందుకు జరిపి మార్చి లోపల కోతకు తెమ్మని చెప్పగలరు. రెండూ విలువైన సూచనలే. ముందుకు జరపడానికి కాలువ నీరు ముందే రావాలి, చివరి భూముల రైతుకు అది తన చేతిలో లేదు. ఏ సూచన ఎవరికి మేలు, ఎవరికి భారం అన్నది తెలియాలంటే ఈ అంతస్తులన్నింటి కథనాలూ ముందుండాలి. వాటిలో మిల్లరు కథనం సంఘాల వినతిపత్రాల్లో ఉంది, భూయజమాని కథనం పత్రికల్లో ఉంది. హమాలీ కథనం ఎక్కడుంది?

2020 మే నెలలో, దేశమంతటా వలస కూలీలు ఇళ్ళకు తిరిగి నడుస్తున్న రోజుల్లో, బీహారులోని ఖగడియా నుంచి లింగంపల్లికి ఒక ప్రత్యేక రైలు ఎదురు దిశలో వచ్చింది. అందులో వచ్చినవారు తెలంగాణ బియ్యం మిల్లుల్లో పనిచేయవలసిన హమాలీలు. వారు లేకపోతే కొనుగోలు చేసిన ధాన్యం దిగుమతి కాదు. ఈ ఒక్క సంఘటన చాలు, మిల్లు పట్టణపు మాట ఇప్పుడు తెలుగు ఒక్కటే కాదని చెప్పడానికి. అయితే ఈ ప్రాంత మాండలికాన్ని సేకరించదలచినవారు మిల్లు గేటు దాటి, చదువుకోని, ఊరు వదలని, అరవై దాటిన వక్తల కోసం పల్లెకు వెళ్తారు. శుద్ధమైన మాండలికం అక్కడ దొరుకుతుందని శిక్షణ చెబుతుంది. ఆ శిక్షణ భాషాశాస్త్రపరంగా సమర్థనీయమే. నైతికంగా మాత్రం అది ఒక ఎంపిక. మార్పు జరుగుతున్న చోటును వదిలి, మార్పు తాకని చోటును వెదకడం. బస్తాలు లెక్కపెట్టే చోట తెలుగు గుమాస్తా, బీహారీ హమాలీ కలిసి ఏర్పరచుకున్న మాటలో ఎవరి పదం నిలిచింది, ఎవరి లెక్క చెల్లింది అన్నది కూడా తెలుగు శాఖ ప్రశ్నే.

ఎవరి కథనంతో మొదలుపెట్టాలన్న దానికి ఈ వ్యాసం సూచించే నియమం సరళమైనది. అతి తక్కువగా నమోదైన కథనంతో మొదలుపెట్టాలి. బలహీనులు ఎప్పుడూ నిజమే చెబుతారని దీని అర్థం కాదు. వారి మాట లేకుండా చేసిన వర్ణన అసత్యమవుతుందని అర్థం. న్యాయం కోరేదీ సత్యం కోరేదీ ఇక్కడ ఒకటే కావడం పరిశోధనకు దక్కిన అదృష్టం.

గడి లేని మనిషి

మాట పోతే ఏమవుతుందన్నది పదచరిత్రకే పరిమితమైన కుతూహలం కాదని చెప్పడానికి భూమి దస్తావేజుల కంటే మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు.

1941లో కోదాడకు దగ్గరలోని చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగింది. ఆ తర్వాతి పదేళ్ళలో సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు సాయుధ పోరాటానికి కేంద్రాలయ్యాయి. వెట్టి, బేదఖలీ, పట్టా అనే మాటలు ఇక్కడ నిఘంటువులోని పదాలుగా కాక ప్రాణం మీదికి తెచ్చే పదాలుగా ఉండేవి. పోరాటం చివరి దశలో, 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే మాట చట్టంలోకి ఎక్కింది. దున్నేవాడికి కాగితం మీద ఒక పేరు దొరకడం ఆనాటి విజయాల్లో ఒకటి. పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండటం వల్ల, భూమి ఎవరిదన్నదీ భూమిలో ఎవరున్నారన్నదీ రెండు ప్రశ్నలుగా నిలిచాయి.

2017లో భూ రికార్డుల నవీకరణ జరిగింది. తర్వాత వచ్చిన పాసుపుస్తకాల్లో, 2020 అక్టోబరులో ప్రారంభమైన ధరణిలో అనుభవదారు గడి కనిపించకుండా పోయింది. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు అందింది, రైతుబీమా కూడా పట్టాదారుకే. కౌలుకు తీసుకుని సేద్యం చేసేవారు ఎక్కువగా ఉండే ఆయకట్టు పల్లెల్లో దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. కౌలురైతు ఆత్మహత్య చేసుకుంటే అతడు రైతు అని నిరూపించే కాగితం ఇంట్లో ఉండదు. ఏడు దశాబ్దాల కింద నెత్తురు ధారపోసి సంపాదించుకున్న మాట ఒక పట్టికలో గడి తీసివేయడంతో పోయింది. ఇది రెవెన్యూ విషయమని వదిలివేయడం సులభం. రైతు అన్న పదానికి అర్థం మారిన సంఘటన ఇది. దున్నేవాడు అన్న అర్థం నుంచి పట్టా ఉన్నవాడు అన్న అర్థానికి రైతు శబ్దం సంకోచించింది. అర్థసంకోచానికి పాఠ్యపుస్తకాలు మృగం అన్న పదాన్ని ఉదాహరణగా చెబుతూ వస్తున్నాయి, విద్యార్థి కళ్ళముందు జరిగినది ఇది.

చాకిరీ కాని జవాబుదారీ

ఈ వాదనకు ఎదురయ్యే గట్టి ఆక్షేపణ స్వేచ్ఛకు సంబంధించినది. పరిశోధన ప్రాంతానికి జవాబు చెప్పాలంటే ప్రాంతం మెచ్చినదే చెప్పవలసి వస్తుంది, విద్వత్తు చాకిరీ అవుతుంది అని. ఈ భయం నిరాధారం కాదు. పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన పదమూడో శతాబ్దపు ఆలయాల మీద, శాసనాల మీద, ఫణిగిరి బౌద్ధక్షేత్రం మీద రావలసిన పరిశోధన చాలా ఉంది. కానీ ప్రాంతాభిమానం పరిశోధనను ఎంత సులభంగా స్తోత్రంగా మార్చగలదో అటువంటి అంశాల మీద అచ్చవుతున్న సంచికలు చూస్తే తెలుస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చినప్పుడు తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానం చెప్పవలసిన అవసరం నిజంగా ఉండేది. అవసరం తీరిన తర్వాత కూడా అదే భంగిమ కొనసాగితే అది అలవాటే.

జవాబుదారీకీ విధేయతకూ ఉన్న తేడాను స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన మనకు తెలియని మన చరిత్ర స్పష్టంగా చూపింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాల సంకలనం అది. సూర్యాపేట ప్రాంతంలో పుట్టిన మల్లు స్వరాజ్యం కథనం అందులో ఉంది. ఆంగ్లానువాదం మూడేళ్ళ తర్వాత వచ్చింది, ముందు వచ్చినది తెలుగు పుస్తకం. ఈ క్రమం యాదృచ్ఛికమైనా దాని నైతిక విలువ తగ్గదు. చెప్పినవారు చదవగల భాషలో, వారు బతికి ఉండగానే అది వచ్చింది. అదే సమయంలో ఆ పుస్తకం ఎవరినీ పొగడలేదు. తుపాకీ పట్టిన స్త్రీలను పోరాటం ముగియగానే ఇంటికి పంపిన తీరును వారి నోటనే చెప్పించి, వీరగాథగా స్థిరపడిన చరిత్రకు ఇబ్బంది కలిగించింది. ప్రాంతానికి మేలు చేసింది ఆ ఇబ్బందే. ఆ పని విశ్వవిద్యాలయ ప్రాజెక్టుగా కాక ఒక స్త్రీల బృందం పనిగా జరగడం గమనార్హం. అంతకుముందు లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను సేకరించినప్పుడు కూడా అంతే. ఉర్దూ మాధ్యమంలో నడిచిన నాటి ఉస్మానియా చేయని పనిని పాఠకుల చందాలతో నడిచిన సంస్థలు చేశాయి.

ఇతర దేశాల అనుభవం కూడా ఇదే దిక్కు చూపుతుంది. జర్మనీలో రూర్ బొగ్గు గనులు మూతపడటం మొదలైన కాలంలో, 1962లో బోఖుం నగరంలో విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. 1965లో బోధన మొదలైంది. కొత్త పరిశ్రమకు చదువుకున్నవారిని తయారుచేయడం అటువంటి సంస్థల నుంచి ఎవరైనా ఆశించేదే. ఆ ప్రాంతంలోనే ఎస్సెన్ విశ్వవిద్యాలయంలో లుట్జ్ నీట్‌హామర్ బృందం 1980ల మొదట్లో గని కార్మికుల, ఉక్కు కార్మికుల, వారి ఇంటి స్త్రీల జీవితకథనాలను సేకరించింది. గని మూతపడ్డాక గనివాడు ఎవరు అన్న ప్రశ్నకు ప్రణాళికా పత్రాల్లో జవాబు లేదు. ఆ కథనాల్లో కొంత ఉంది.

తిరిగి వెళ్ళే దారి

2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడటంతో ఈ ప్రాంతానికి ఉన్నత విద్య దూరం తగ్గింది. దూరం తగ్గినంత మాత్రాన ఋణం తీరే మార్గం ఏర్పడదు. సిద్ధాంతగ్రంథం ఇప్పటికీ ప్రధానంగా పరీక్షకులను ఉద్దేశించినదే. శోధ్‌గంగలో ఉంచితే లోకానికి అందుబాటులో ఉన్నట్టే అని భావించడం అలవాటైంది. తెలుగు సిద్ధాంతగ్రంథాల్లో చాలా భాగం అను ఫాంట్లలో కూర్చినవి. తెరమీద అక్షరం కనిపిస్తుంది గానీ యంత్రం దాన్ని తెలుగుగా గుర్తించదు. కోదాడ కుర్రవాడు తన ఊరి పేరు తెలుగులో టైపు చేసి వెదికితే తన ఊరి మీద జరిగిన పరిశోధన అతడికి దొరకదు. యూనికోడ్‌లో సమర్పించాలన్న ఒక్క నిబంధన సదస్సులు ఎన్నో చేయలేని మేలు చేస్తుంది. చిన్న విషయమే, కానీ నైతికత చాలాసార్లు ఇటువంటి చిన్న నిబంధనల్లోనే ఉంటుంది.

అసలు కష్టం ఇంకొక చోట ఉంది. రాసినదాన్ని వక్తల ముందు చదివి వినిపించడం, వారు కాదన్న చోట ఆ కాదనడాన్ని కూడా గ్రంథంలో చేర్చడం మన పరిశోధన విధానంలో భాగం కాలేదు. కాటా దగ్గర రైతుకు తరుగు ఎంత పోయిందో తెలుస్తుంది, చీటీ చేతికి వస్తుంది. పరిశోధకులు తన మాటలో ఎంత తరుగు తీశారో వక్తకు తెలియదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం చివరికి పరిశోధకులదే కావచ్చు, కావాలి కూడా. చీటీ ఇవ్వవలసిన బాధ్యత మాత్రం ఆ నిర్ణయంతో పాటే వస్తుంది. గ్రంథం చివర అనుబంధంలో వక్తల పేరు, వయసు, కులం, వృత్తి అని పట్టిక వేయడం ఆనవాయితీ. నలభై ఏళ్ళు నాట్లు వేసి, నాటు యంత్రం వచ్చాక మిల్లు ఆవరణలో చెత్త ఊడ్చి, గింజలు ఏరే పనికి వెళ్తున్న స్త్రీకి ఆ వృత్తి గడిలో ఏమి రాయాలన్నది ఆమెను అడిగే రాయాలి. నాట్ల పాట కోసం ఆమె దగ్గరికి వెళ్ళినవారు ఆమెను నాట్లు వేసే మనిషిగానే నమోదు చేసి వస్తారు. పాట నిలుస్తుంది, ఆమె ఇప్పుడు చేస్తున్న పని ఎక్కడా నమోదు కాదు.

మిర్యాలగూడకు దక్షిణంగా, దామరచర్ల మండలం వీర్లపాలెంలో నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం యూనిట్లు ఒక్కొక్కటిగా ఉత్పత్తిలోకి వస్తున్నాయి. అదే మండలంలోని వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. సాగర్ కాలువ రాకముందు ఐదేళ్ళు వ్యవధి దొరికింది, ఆ వ్యవధిలో పదకోశం వచ్చింది. ఇక్కడ అటువంటి వ్యవధి అయిపోయింది. పరిహారం, నిర్వాసితుడు, కాంట్రాక్టు కూలీ, బూడిద అన్న మాటలు అక్కడి పల్లెల్లో ఇప్పుడు ఏ అర్థాల్లో వాడుతున్నారో, భూమి ఇచ్చినవారు ఇచ్చాము అంటున్నారో, పోయింది అంటున్నారో, తీసుకున్నారు అంటున్నారో వెళ్ళి వినవలసి ఉంది. మూడు క్రియలూ ఒకే సంఘటనను చెబుతాయి. నమోదు చేసేటప్పుడు ఆ మూడింటిలో ఏది ఎవరన్నదో విడివిడిగా రాసుకోవాలి.